నీడ గిట్టని మనిషి

ఆయన పోయాడని దమ్మపేటలో ఒక పెళ్ళి భోజనాల దగ్గర విన్నాను. చెప్పింది, ఒకప్పుడు ఆయనకూ నాకూ గదులు కిరాయికిచ్చిన ఇంటామె. చెప్పి, నేను అయ్యో అంటానేమోనని కాసేపు నా మొహం చూసింది. నేను అనలేదు. చారు పొయ్యమని వడ్డించే అతన్ని పిలిచాను. తెలిసిన మనిషి చావు కబురు వింటే ముద్ద దిగకపోవడం మర్యాద అంటారు. నాకు ఆ రోజు శుభ్రంగా దిగింది.

శత్రువును క్షమించమని మా ఇంట్లో చిన్నప్పటినుంచీ నేర్పారు. ప్రతి ఆదివారం విన్నాను. నేర్చుకుని చాలామందిని క్షమించాను కూడా, బదిలీ పేరుతో నన్ను తెచ్చి అడవి అంచున పడేసిన ఆఫీసరుతో సహా. ఈయన దగ్గరికి వచ్చేసరికి నా వల్ల కాలేదు. ఇప్పుడు పోయాడు కదా అని కొత్తగా మనసు కరిగిందేమీ లేదు.

ఆయన పేరు రాయను. పిల్లలు ఎక్కడో ఉండే ఉంటారు, వాళ్ళు నాకేం చేశారు? ఊరంతా సూపర్వేజరు అనేది. నేనూ అదే అంటాను.

ఎనభైల మొదట్లో నాకు కొత్తగూడెం దాటాక భద్రాచలం పోయే దారిలో ఒక ఊళ్ళో ఉద్యోగం. ఒక్క గది బడి, ఒక్క పంతులమ్మ. ఊరి వెనక అడవి, అడవి అంచున కోయగూడెం. బడికొచ్చే పిల్లల్లో సగం మంది ఆ గూడెం నుంచి రోడ్డు పట్టుకుని నడిచి వచ్చేవాళ్ళు. రోడ్డంటే అప్పుడు ఒక్క లారీ పట్టే తారుపట్టీ. ఎదురుగా బస్సు వస్తే ఎవరో ఒకరు మట్టిలోకి దిగాలి. రెండు పక్కలా చింతలు, నేరేళ్ళు, ఇప్పలు. పైన కొమ్మలు ఒకదాన్నొకటి అందుకుని ఉండేవి కాబట్టి మిట్టమధ్యాహ్నం కూడా పిల్లలు చెప్పుల్లేకుండా నడిచేవాళ్ళు. మాది మధిర. మా వైపు చేల మధ్య అంత నీడ నేనెన్నడూ ఎరగను. అడవిలో పడేశారని ఏడ్చుకుంటూ వచ్చినదాన్ని, ఆ రోడ్డు చూసి ఊరుకున్నాను.

ఆ రోడ్డును వెడల్పు చెయ్యడానికి కాంట్రాక్టరు పంపిన మనిషి ఆయన. ఇంటామె ముందుగది ఆయనకిచ్చింది. వెనకగది అప్పటికే నాది. మధ్యలో బావి. ఆయనదీ మధిర దిక్కేనని తెలిసిన నిమిషం నుంచి నేను ఆయనకు చెల్లెమ్మనయ్యాను. నేను మాత్రం ఏ రోజూ అన్నా అని పిలవలేదు. ఏమండీ అనేదాన్ని, అదీ తప్పనప్పుడు.

పొద్దున్నే పళ్ళు తోముకోవడానికి ఆయన వేపకొమ్మ విరిచేవాడు. పుల్ల కాదు, కొమ్మ. చెయ్యి పొడుగు కొమ్మను చెట్టు నుంచి చీల్చి, అందులోంచి ఒక పుల్ల తీసుకుని మిగతాది అక్కడే పారేసేవాడు. ఇంటామె మేక దాన్ని తినేది కాబట్టి ఆమెకు అభ్యంతరం లేదు. మిగిలింది రేపటికి దాచుకోవచ్చు కదా అని ఒకసారి అన్నాను. "రేపటికి ఇంకో కొమ్మ లేదా చెల్లెమ్మా?" అన్నాడు. వెటకారం కాదు, నేను ఎందుకలా అన్నానో ఆయనకు నిజంగానే తెలియలేదు. ఆ వేపచెట్టు ఒక పక్క బోడిదయింది.

ఊళ్ళ పేర్లు ఆయనకు అక్కర్లేదు. కిలోమీటరు రాళ్ళే ఊళ్ళు. ఫలానా రాయి కాడి హోటలు, ఫలానా రాయి కాడి ముసలామె, అంతే. నా బడి కూడా ఆయనకొక రాయి. ఆయన పట్టుకున్నాక బావి చేదతాడు తారు వాసన కొట్టేది. నా నీళ్ళు, నా బియ్యం, నా చీరలు కూడా అదే వాసన అని నాకనిపించేది. ఇంటామెతో అంటే నీ ముక్కుకే అంత గీర అనేది.

ఆయన చేతిలో ఎప్పుడూ ఒక నల్ల గొడుగు. వాన లేకపోయినా గొడుగే. చెట్లకింద నడిచేటప్పుడు కూడా విప్పే ఉండేది. పక్షులు రెట్టలేస్తాయని చెప్పేవాడు. తన నీడ తాను వెంట మోసుకు తిరిగే మనిషికి ఇంకొకరి నీడ ఎందుకు కావాలి?

ఆయన నోట రోజుకొకసారైనా వచ్చే మాట ఒకటుంది. "నీడ పడ్డకాడ తారు నిలవదు చెల్లెమ్మా." మొదట్లో అదేదో కుళ్ళు జోకనుకున్నాను. కాదు, అది ఆయన శాస్త్రం. అరుగు మీద కూర్చుని బీడీ ముట్టించి వివరంగా చెప్పేవాడు.

"వాన ఆగినా చెట్టు ఆగదు. ఆకు మీంచి బొట్టు బొట్టు రాలుతనే ఉంటది. ఆ బొట్టు పడ్డకాడ తారు లేస్తది, గుంట పడ్తది. గుంట పడితే మళ్ళ మాకే చెడ్డపేరు. ఎండ తగలాలె. రోడ్డు ఎండల మాడితేనే గట్టిగుంటది."

"రోడ్డు మీద నడిచేవాళ్ళు కూడా మాడాలా?" అన్నాను.

"నడిచేటోళ్ళ కోసం ఏస్తున్నమా ఏంది రోడ్డు?" అన్నాడు.

ఆయన చెట్లను కౌగిలించుకునేవాడు. మొదటిసారి దూరం నుంచి చూసి ఆశ్చర్యపోయాను. గొడుగు మడిచి కింద పెట్టి, రెండు చేతులూ చాపి, చింతచెట్టు మానును పట్టుకుని, చెంప బెరడుకు ఆనించి నిలబడ్డాడు. ఎంత ప్రేమ ఈయనకు అనుకున్నాను. దగ్గరికి పోతే తెలిసింది, ఎన్ని కట్టెలు వస్తాయో బారలతో అంచనా కడుతున్నాడు. అయ్యాక చేతులు ప్యాంటుకు తుడుచుకుని తెల్లరంగు డబ్బా తెప్పించి, మాను మీద నెంబరు వేయించాడు. ఆయన కౌగిలించుకున్న చెట్టేదీ మిగల్లేదు.

ఒక్క మంచిపని చేశాడు. దాచడం నాకు ఇష్టం లేదు కాబట్టి చెప్తున్నాను. గూడెంలో ఒకతన్ని పాము కరిస్తే కంకర లారీ ఖాళీ చేయించి అందులో పడుకోబెట్టి, తనే వెంట కూర్చుని దవాఖానాకు తీసుకుపోయాడు. మనిషి బతికాడు. అది నేను కళ్ళారా చూశాను, మెచ్చుకున్నాను కూడా. కానీ ఆ తర్వాత ఆ పాముకాటును ఆయన అమ్ముకున్నట్టు మా ఊళ్ళో చింతపండు కూడా ఎవరూ అమ్ముకోలేదు. చెట్ల మాట ఎత్తితే పాము. పక్కన మట్టి తవ్విన గుంటల్లో నీళ్ళు నిలిచి దోమలతో పిల్లలకు చలిజ్వరాలు వస్తున్నాయంటే పాము. "రోడ్డు లేకుంటే ఆడు చస్తుండె గద చెల్లెమ్మా" అనేవాడు. ఆ మాటకు నా దగ్గర జవాబు ఉండేది కాదు. లేనందుకు కూడా నాకు ఆయన మీద కోపమే.

ఇప్పుడు ముత్తక్క సంగతి చెప్పాలి. గూడెం మనిషి. నలభై దాటి ఉంటాయి అప్పటికి. భర్త లేడు, ఇద్దరు కూతుళ్ళు నా బడిలో చదివేవాళ్ళు. గూడెం మొదట్లో, రోడ్డుకు కాస్త లోపలగా ఆమెకొక ఇప్పచెట్టు ఉండేది. ఆమెది అంటే పట్టా ఉందని కాదు. భూమి ఫారెస్టోళ్ళది. కానీ గూడెంలో ప్రతి ఇప్పచెట్టూ ఎవరో ఒకరి ఇంటిది. ఎండాకాలం ముందు ఏ ఇంటి ఆడవాళ్ళు ఏ చెట్టుకింద ఊడ్చి, రాలిన ఆకులు కాల్చి నేల శుభ్రం చేస్తారో ఆ చెట్టు పువ్వు వాళ్ళది. కంచె ఉండదు, గుర్తు ఉండదు, అయినా ఇంకొకరు ఒక్క పువ్వు ఏరరు. ముత్తక్క చెట్టు ఆమె అత్త ఊడ్చిన చెట్టు. పువ్వు ఎండబెట్టి కుండలకెత్తితే, వానాకాలం గింజలు అయిపోయిన రోజుల్లో ఆ ఇంట్లో ఉడికేది అదే. కాయల నుంచి నూనె. ఆ చెట్టు లేకపోతే ముసురు రోజుల్లో ముగ్గురికీ పస్తే. ఇది ఆమె నాకు ఏడుస్తూ చెప్పిన మాట కాదు. నేను అడిగితే, అన్నం వండుకుంటామని మనం చెప్పినట్టు చెప్పింది.

ఆ చలికాలం రోడ్డు పక్క రెండు రకాల చెట్లు ఉండేవి, నెంబరు ఉన్నవి, లేనివి. నెంబరు ఉన్నవి రోడ్డులో పోయేవి. వాటిని కొట్టడానికి పై నుంచి పర్మిషన్ రావాలి, అంతదాకా ముట్టుకోవడానికి లేదు. కానీ తారు డ్రమ్ముల కింద రోజూ మంట కావాలి. ఆ కట్టెల కోసం ఆయన గ్యాంగు లోపలికి పోయి నెంబరు లేని చెట్లను కొట్టి తెచ్చేది. లెక్కలో లేని చెట్టు పోయినట్టు ఎవరికీ తెలియదు కదా.

గూడెం జనం ఇది రోజూ చూశారు. చూసి ఒకటి అర్థం చేసుకున్నారు. నెంబరు ఉన్నది నిలబడుతోంది, లేనిది పడిపోతోంది. వాళ్ళకది కొత్త సంగతి కూడా కాదు. తాతల నాటినుంచీ ఫారెస్టోళ్ళు టేకు చెట్లకు నెంబర్లు వేస్తారు. నెంబరు చెట్టుకు గొడ్డలి తగిలితే కేసు, స్టేషను, దెబ్బలు. నెంబరంటే ఎవరూ ముట్టుకోకూడని చెట్టని వాళ్ళ ఒంటి మీద రాసి ఉంది.

ముత్తక్క ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళను వెంటబెట్టుకుని ఆయన దగ్గరికి పోయింది. నేను బడిలో ఉన్నాను, ఈ సంగతి ఆ సాయంత్రం ఆయనే చెప్పాడు. బావి దగ్గర కాళ్ళు కడుక్కుంటూ నవ్వు ఆపుకోలేక చెప్పాడు.

"గూడెం ఆడోళ్ళు వచ్చిండ్రు చెల్లెమ్మా. 'దొరా, మా ఇప్పచెట్టుకు గూడ ఒక నెంబరు ఏయి' అంటరు. నాకు ముందు సమజ్ కాలే. ఎందుకే అంటే, 'నెంబరుంటే నీ మనుషులు కొట్టరు గద' అన్నది ఆ పెద్దామె. ఇగ చూడు నా నవ్వు."

"మీరేమన్నారు?"

"ఏమంట? డబ్బా తీసుకొని పోయిన. అడిగినోళ్ళకల్లా ఏసిన. పాపం, ఒకామె పుట్టతేనె గూడ ఇచ్చింది."

ఆ నెంబర్లు తుడిపేయండి అన్నాను. బతిమాలాను. చెల్లెమ్మ అంటున్నారు కదా, ఈ ఒక్కసారి చెల్లెలి మాట వినండి అని కూడా అన్నాను. ఆ మాట అన్నందుకు నోరు కడుక్కోవాలనిపించింది.

"నేను పిలిచిన్నా ఆళ్ళని? ఆళ్ళంతట ఆళ్ళే వచ్చిండ్రు" అన్నాడు. "నెంబరు పడ్డంక పడ్డట్టే. రోడ్డు కొంచెం ఎడల్పయితే ఎవరికి నష్టం? డ్రమ్ముల కిందికి కట్టె గూడ సరిపోతలేదు."

మర్నాడు బడి కాగానే గూడెం పోయాను. ముత్తక్క తన చెట్టు కింద ఉంది. మాను మీద తెల్లటి నెంబరు. దాని పక్కనే పసుపు రాసి బొట్టు పెట్టి ఉంది. కొట్టడానికే ఆ నెంబరు, గీకేద్దాం పట్టు అన్నాను. ఆమె నన్ను చూసిన చూపు, బడిలో నేను తప్పు లెక్క చేసిన పిల్లను చూసే చూపు.

"ఏంది పంతులమ్మా గట్లంటవ్? నెంబరు చెట్టును ఎవడన్న ముట్టుకుంటడా? జైల్లేస్తరు" అంది.

"ఇది ఫారెస్టోళ్ళ నెంబరు కాదు ముత్తక్కా. రోడ్డోళ్ళది. ఆయనే నాతో చెప్పాడు."

"ఏసింది ఆయనే గద. కొట్టేటోడైతే ఎందుకేస్తడు? ఊకెనే కొట్టకపోవునా, మిగతయి కొట్టినట్టు?"

నేను ఎంత చెప్పినా ఆమె లెక్క ఆమెదే. నా మాట కంటే ఆ తెల్లరంగు మీద ఆమెకు నమ్మకం ఎక్కువ. గీకబోతే నా చెయ్యి పట్టుకుంది, గట్టిగానే పట్టుకుంది. కేసయితే నువ్వొస్తవా పంతులమ్మా అంది. వస్తానన్నాను. నవ్వి ఊరుకుంది.

పర్మిషన్ ఇప్పపువ్వు రాలే రోజుల్లో వచ్చింది. ఆ రోజు పొద్దున నేను రోడ్డు మీద ఉన్నాను, పిల్లల కోసం ఎదురు పోయాను. రంపాల వాళ్ళు ఆ వరుసలో దిగారు. ముత్తక్క తన చెట్టు కింద, కాల్చి శుభ్రం చేసిన నేల మీద, గంప పెట్టుకుని పువ్వు ఏరుతోంది. ఆమె కూతుళ్ళూ ఏరుతున్నారు. రంపాల వాళ్ళు పక్కన ఆగితే, ఇంకెక్కడికో పోతూ ఆగారనుకుంది. ఆయన గొడుగు కింద నిలబడి ఉన్నాడు. "ఏరుకోనీండ్రి, ఏరుకోనీండ్రి" అన్నాడు వాళ్ళతో. పెళ్ళిలో వడ్డన అజమాయిషీ చేసే పెద్దమనిషిలాగే ఉన్నాడు.

ఆమె గంప ఎత్తుకుని లేచింది. వాళ్ళు మానుకు రంపం ఆనించారు. అప్పుడు గంప దించి, పరిగెత్తి చెట్టుకు అడ్డం నిలబడి, అరచెయ్యి నెంబరు మీద పెట్టింది.

"దొరా, నెంబరు ఉన్నది. ఇగో, నువ్వేసిందే."

"ఉన్నది గాబట్టే కొడుతున్నం" అన్నాడు.

ఆమెకు అర్థం కాలేదు. మళ్ళీ అదే చెప్పింది. నెంబరు ఉన్నది దొరా అంది. ఆయనకు వినపడలేదేమోనని ఇంకాస్త గట్టిగా అంది. తర్వాత నా వైపు చూసింది. నేను పోయి రంపం పట్టుకున్నాను. ఒకతను మర్యాదగానే నా చెయ్యి విడిపించాడు. "పంతులమ్మా, కూలికొచ్చినోళ్ళం, మాతోని కొట్లాడితె ఏమొస్తది" అన్నాడు. ఆయన మాత్రం గొడుగు ఇంకో భుజానికి మార్చుకున్నాడు. ఇంతవరకూ ఆయన ఆయన అని రాశాను. ఆ ఒక్క క్షణానికి మాత్రం వాడు అనే అంటాను. వాడు గొడుగు భుజం మార్చుకుని, బీడీ ఆరిపోతే మళ్ళీ ముట్టించుకున్నాడు.

పువ్వు ఏరేది పోయింది కాబట్టి ఆ ఎండాకాలం ముత్తక్క తారుపనికి వచ్చింది. గూడెంలో చాలామంది ఆడవాళ్ళు వచ్చారు, చెట్లు పోయినవాళ్ళందరూ. ఆమెను డ్రమ్ముల దగ్గర పెట్టారు. ఒకరోజు బడి నుంచి వస్తూ చూశాను. కాళ్ళకు గోనెగుడ్డలు చుట్టుకుని, డ్రమ్ము కింద మంటలోకి కట్టె తోస్తోంది. పచ్చి ఇప్పకట్టె. పొగకు ఆమె కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఒక మొద్దు బెరడు మీద తెల్లరంగు ముక్క ఇంకా కనిపిస్తోంది. ఆమె దాన్ని చూసింది, తోసేసింది.

"చూడు చెల్లెమ్మా" అన్నాడు సూపర్వేజరు గొడుగు కిందనుంచి. "చెట్టు పోయిందని నన్ను తిడ్తివి. పని దొరకలే?"

నేను అన్న మాట రాయను. పంతులమ్మ నోట రాకూడనిది. ఆయన దానికీ నవ్వాడు, మధిర నోరు ఎక్కడికి పోతుంది అన్నాడు.

రోడ్డు అయింది. ఆయన చెప్పినట్టే ఎండ బాగా తగిలింది, గట్టిగా నిలబడింది. పిల్లలు బడికి రాగానే అంటుకున్న తారు వదలడానికి అరికాళ్ళకు కిరసనాయిలు రాసేదాన్ని. బడిలో సుద్దముక్కలు లేకపోయినా కిరసనాయిలు సీసా ఉండేది. వేసవిలో గూడెం పిల్లలు ఒకరొకరుగా మానేశారు. పొద్దున్నే రోడ్డు మీద ఉడుములు, కుందేళ్ళు చదునుగా అతుక్కుని ఉండేవి. ఆ వానాకాలం ముత్తక్క ఇంట్లో కుండలు బోర్లించి ఉన్నాయి. కూతుళ్ళిద్దరినీ ఎవరో కూలికి మధిర వైపు మిరపచేలకు తీసుకుపోయారు. పెద్దది తిరిగి వచ్చింది. చిన్నది అక్కడ జ్వరంతో పోయింది.

ఆ కబురు వచ్చేటప్పటికి ఆయన వేరే రోడ్డు పనికి వెళ్ళిపోయాడు. వెళ్ళేరోజు గది తాళం ఇంటామెకిచ్చి, నా గుమ్మం దగ్గర ఆగి, "రోడ్డు చూసినప్పుడల్లా నన్ను తలుసుకోవాలె చెల్లెమ్మా" అన్నాడు. ఆయన అడిగినవాటిలో నేను చేసింది అదొక్కటే. తలుచుకోని రోజు లేదు.

దమ్మపేట పెళ్ళి నుంచి తిన్నగా ఇంటికి రాలేకపోయాను. ఆ కబురు చెప్పవలసిన మనిషి ఒకామె ఉందనిపించింది. మర్నాడు బస్సెక్కి గూడెం దగ్గర దిగాను. ముత్తక్క ఇంటి ముందు కూర్చుని చింతకాయ కొడుతోంది. ముసలిదయింది, చూపు తగ్గింది, గొంతు పట్టి గుర్తుపట్టింది. మంచినీళ్ళు ఇచ్చింది. కాసేపు పెద్దకూతురి సంగతులు మాట్లాడుకున్నాం. అప్పుడు చెప్పాను, సూపర్వేజరు పోయాడని.

ఆమె చింతకాయ కొట్టడం ఆపింది. సంతోషపడుతుందేమో, ఒక బూతు మాట అంటుందేమో అనుకున్నాను. అంటుందనే ఆశతో పోయానేమో కూడా. ఆమె రోడ్డు వైపు తిరిగింది. రెండు పక్కలా ఎంతదూరం చూసినా ఏమీ లేదు.

"కాల్చనీకి కట్టెలు దొరికినయా ఆయనకు?" అని అడిగింది.

వెటకారం లేదు ఆ గొంతులో. తెలుసుకుందామనే అడిగింది. దొరికే ఉంటాయి ముత్తక్కా అన్నాను.